కారు ఆంప్లిఫయర్ – ఊఫర్ : పదో తరగతి పాఠం చెప్పే లెక్క



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఒక వ్యాసం కావాలని వార్డెన్ గారు కబురు చేశారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను కాబట్టి ఏ నక్షత్రాల గురించో, అణువుల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. నేను మాత్రం కారు డిక్కీలో పెట్టే బేస్ బాక్సు గురించి రాస్తున్నాను. దీనికి కారణం ఉంది. మన హాస్టల్లో చదివి, పదో ఇంటరో అయ్యాక కారు డెకరేషన్ షాపుల్లో, ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర, సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర పనికి కుదిరినవాళ్లు నాకు తెలిసే పది మంది దాకా ఉన్నారు. వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ పనిలో రోజూ చేతికి తగిలేది పదో తరగతి విద్యుత్ పాఠమే. కానీ ఇది ఆ పాఠమేనని అక్కడ ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

2019 వేసవిలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి, జిల్లా కేంద్రంలో ఒక కారు డెకరేషన్ షాపులో చేరాను. నెలకు 5,000 రూపాయలు. డిగ్రీలో చేరేటప్పుడు ఖర్చులకు పనికొస్తాయని ఆశ. ఒకరోజు, పెళ్లిళ్లకు కారు కిరాయికి తిప్పుకునే ఒకన్న రెండు 12 అంగుళాల ఊఫర్లు, ఒక ఆంప్లిఫయర్ బిగించమని వచ్చాడు. కారు ఫైనాన్సు మీద తీసుకున్నది, ఇంకా కిస్తీలు కడుతున్నాడు. మేస్త్రీ అన్నానికి పోతూ, "ప్లస్‌లన్నీ ఒక దగ్గర, మైనస్‌లన్నీ ఒక దగ్గర కట్టెయ్‌రా" అన్నాడు. కట్టాను. పాట పెడితే షాపు అద్దాలు అదిరాయి. అందరికీ సంతోషం. ఇరవై నిమిషాలు గడిచాక ఆ అన్న, "తమ్మీ, ఏందో కాలిన వాసనొస్తున్నది" అన్నాడు. ఆంప్లిఫయర్ మూత విప్పితే లోపల ట్రాన్సిస్టర్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. దాని ధర 7,500. యజమాని నా జీతంలోంచే పట్టుకున్నాడు. ఒక నెల పూర్తిగా, రెండో నెల సగం.

డబ్బు పోయిన బాధ కంటే ఇంకో బాధ ఎక్కువైంది. పదో తరగతి ప్రీ-ఫైనల్ పరీక్షలో సమాంతర సంధానంలో ఫలిత నిరోధానికి సమీకరణం రాబట్టమని నాలుగు మార్కుల ప్రశ్న వచ్చింది. నాలుక్కు నాలుగు వచ్చాయి. అదే సమాంతర సంధానాన్ని నా చేతులతో కట్టి కూడా గుర్తుపట్టలేదు! కాబట్టి ఈ వ్యాసంలో కొత్త సైన్సు ఏమీ లేదు. మీ పుస్తకంలో ఉన్నదే డిక్కీలోకి తెచ్చి చూపిస్తాను.

ఓమ్‌ల లెక్క

ఊఫర్ వెనక అయస్కాంతం ఉంటుంది. ఆ అయస్కాంతం మధ్య సందులో సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. దాన్నే కాయిల్ అంటారు. ఆంప్లిఫయర్ నుంచి వచ్చే విద్యుత్తు ఈ చుట్టలో అటూ ఇటూ పారితే, చుట్ట ముందుకూ వెనక్కూ కదిలి, దానికి అతికించిన కోన్ గాలిని నెడుతుంది. అదే మనకు వినిపించే 'దభ్ దభ్'. చాలా ఊఫర్లలో ఒకే గొట్టం మీద రెండు కాయిళ్లు చుడతారు. అందుకే వాటికి నాలుగు టెర్మినళ్లు కనిపిస్తాయి. రెండు ప్లస్, రెండు మైనస్. పెట్టె మీద '4+4 ఓమ్‌లు' అనో '2+2 ఓమ్‌లు' అనో రాసి ఉంటుంది. అంటే ఒక్కో కాయిల్ విలువ అది.

ఆ 4+4 ఊఫర్‌ను రెండు రకాలుగా కట్టవచ్చు. మొదటి కాయిల్ మైనస్‌ను రెండో కాయిల్ ప్లస్‌కు కలిపితే శ్రేణి సంధానం. ఫలితం 4 + 4 = 8 ఓమ్‌లు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే సమాంతర సంధానం. విలువలు సమానం కాబట్టి నాలుగును రెండుతో భాగించాలి, 2 ఓమ్‌లు. అంతవరకు తేలికే. నా దగ్గర ఉన్నవి అలాంటివి రెండు ఊఫర్లు, అంటే నాలుగు కాయిళ్లు. మేస్త్రీ చెప్పినట్టు అన్నీ సమాంతరంగా కడితే నాలుగును నాలుగుతో భాగించాలి. 1 ఓమ్. ఆ ఆంప్లిఫయర్ మీద మాత్రం చిన్న అక్షరాలతో 'కనిష్ఠం 2 ఓమ్‌లు' అని ఉంది. చదవలేదు. చదివినా అర్థమయ్యేది కాదేమో.

1 ఓమ్‌కు కడితే ఎందుకు కాలుతుంది? ఆంప్లిఫయర్ తన అవుట్‌పుట్ దగ్గర 32 వోల్టులు ఇస్తోందనుకోండి. ఎదురుగా 4 ఓమ్‌లు ఉంటే ఓమ్ నియమం ప్రకారం 8 ఆంపియర్లు పారతాయి. 2 ఓమ్‌లుంటే 16 ఆంపియర్లు. 1 ఓమ్ ఉంటే 32 ఆంపియర్లు. సామర్థ్యం లెక్కవేస్తే వరుసగా 256, 512, 1024 వాట్లు. లోపలి ట్రాన్సిస్టర్లను 16 ఆంపియర్ల వరకు తట్టుకునేలా తయారు చేశారు. మనం వాటి నుంచి 32 లాగుతున్నాం. ప్రవాహం రెట్టింపైతే, ట్రాన్సిస్టరులో ఉండే కొద్దిపాటి నిరోధం దగ్గర పుట్టే వేడి నాలుగింతలవుతుంది. మంచి ఆంప్లిఫయర్లలో ఎర్ర లైటు వెలిగి అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. చవకవాటిలో ఆ ఏర్పాటు ఉండదు, ఉన్నా నమ్మలేం.

ఇక్కడ చాలామంది తారుమారుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. 'ఎక్కువ ఓమ్‌లు' అంటే ఎక్కువ బరువు, ఆంప్లిఫయర్‌కు ఎక్కువ కష్టం అనుకుంటారు. నిజం దానికి వ్యతిరేకం. ఓమ్‌లు తగ్గుతున్నకొద్దీ కష్టం పెరుగుతుంది. నిరోధం అంటే ప్రవాహాన్ని ఆపేది కదా! ఆపేవాడు బలహీనుడైతే తోసుకొచ్చేది ఎక్కువ.

మరి ఆ రెండు ఊఫర్లను ఎలా కట్టాల్సింది? ఒక్కో ఊఫర్‌లోని రెండు కాయిళ్లను శ్రేణిలో కలిపితే 8, 8. ఆ రెండు ఊఫర్లను సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు. ఆంప్లిఫయర్ హాయిగా పనిచేసేది. ఒకవేళ మీరు కచ్చితంగా 2 ఓమ్‌లే కావాలని అన్ని రకాలుగా ప్రయత్నించినా, నాలుగు కాయిళ్లనూ వాడుతూ ఈ రెండు ఊఫర్లతో రాదు. నాలుగు కాయిళ్లకూ ప్రవాహం సమానంగా పంచేలా కడితే 1, 4, 16 మాత్రమే వస్తాయి. కాగితం మీద వేసి చూడండి. 2 ఓమ్‌లు కావాలంటే 2+2 రకం ఊఫర్లు రెండు కొనాలి. అప్పుడు ఒక్కోటి శ్రేణిలో 4, రెండూ సమాంతరంగా 2. అంటే ఈ జత కుదర్చడం వైర్లు పట్టుకున్నాక చేసే పని కాదు. కొనకముందే కాగితం మీద చేయాలి. ఆ అన్న ఊఫర్లు ఒక దగ్గర, ఆంప్లిఫయర్ ఇంకో దగ్గర, ఏది చవక అంటే అది కొనుక్కొచ్చాడు.

రెండు ఛానళ్ల ఆంప్లిఫయర్‌ను 'బ్రిడ్జి' చేసి ఒకే ఊఫర్‌కు వాడుతుంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అప్పుడు ఒక్కో ఛానల్‌కు ఊఫర్ విలువలో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్‌ల ఊఫర్ బ్రిడ్జిలో ఒక్కో ఛానల్‌కు 2 ఓమ్‌లతో సమానం. అందుకే చాలావాటి మీద 'బ్రిడ్జిలో కనిష్ఠం 4 ఓమ్‌లు' అని విడిగా రాస్తారు.

కట్టడం అయ్యాక, ఆంప్లిఫయర్‌కు తగిలించక ముందు మల్టీమీటరుతో చూడాలి. ముందు మీటరు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో గమనించండి, ఆ కొంచెం తీసేయాలి. 4 ఓమ్‌ల కాయిల్ మీటరులో 3.2 నుంచి 3.6 మధ్య చూపిస్తుంది. కాయిల్ పాడైందని కంగారుపడకండి. మీటరు కొలిచేది డి.సి. నిరోధం. పెట్టె మీద రాసేది పాట నడిచేటప్పటి అవరోధం, అంటే నిరోధంతో పాటు కాయిల్ స్వభావం వల్ల వచ్చే అడ్డంకి కూడా కలిసినది. 4 రావలసినచోట 3.4 వస్తే సరే. 0.9 వస్తే మాత్రం అక్కడే ఆగిపోండి. నాకు ఆ రోజు షాపు గోడకు మీటరు వేలాడుతూనే ఉంది. నిమిషం పని.

అలాగే ఒక 1.5 వోల్టుల టార్చి సెల్ తీసుకుని ఊఫర్ వైర్లకు క్షణం ఆనించండి. సెల్ ప్లస్‌ను ఊఫర్ ప్లస్‌కు ఆనిస్తే కోన్ బయటికి కదలాలి. రెండు ఊఫర్లూ ఒకేవైపు కదలాలి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి కదిలితే ఒకటి నెట్టిన గాలిని రెండోది లాగేస్తుంది. ఏదీ కాలదు గానీ బేస్ మాయమవుతుంది. కస్టమర్ ఊఫర్లు బాగాలేవని తిట్టుకుంటూ పోతాడు.

ఇంతకూ ఈ ఓమ్ ఎవరు? 1827లో తన నియమాన్ని పుస్తకంగా ప్రకటించిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో తాళాలు చేసే పనివాడి కొడుకు. ఆ తండ్రి సొంతంగా గణితం నేర్చుకుని కొడుక్కి తానే చెప్పాడు. ఓమ్ ఈ ప్రయోగాలు చేసినప్పుడు కొలోన్ నగరంలో ఒక బడిలో టీచరు. మొదట్లో ఆయన మాట పెద్దవాళ్లు పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. పనిముట్లు పట్టుకునే ఇంట్లో పుట్టిన నియమం ఇది, పనిముట్ల దగ్గరే మనం దాన్ని మరిచిపోతున్నాం.

వాట్ల లెక్క

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 1500 వాట్స్, 2000 వాట్స్ అని ఉంటుంది. అది క్షణకాలం శిఖర విలువ, ఒక్కోసారి అదీ కాదు. చూడవలసింది 'ఆర్‌ఎమ్‌ఎస్' అని రాసిన అంకె. అంటే ఆగకుండా ఇవ్వగలిగేది, ఆగకుండా తట్టుకోగలిగేది. ఆంప్లిఫయర్ మీద ఈ అంకె ఓమ్‌లతో కలిపి ఉంటుంది. '4 ఓమ్‌లకు 300, 2 ఓమ్‌లకు 500' ఇలా. మీరు కట్టిన ఓమ్‌ల దగ్గర అది ఇచ్చే ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు, ఊఫర్లన్నీ కలిపి తట్టుకునే ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు దాదాపు దగ్గరగా ఉంటే జత కుదిరినట్టే.

అబద్ధపు వాట్లను పట్టుకునే ఒక చిట్కా చెబుతాను. ఆంప్లిఫయర్ పక్కన గుచ్చి ఉన్న ఫ్యూజు చూడండి. ఒకే ఒక 30 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకోండి. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో సుమారు 14 వోల్టులు ఉంటాయి. 14 × 30 = 420 వాట్లు. లోపలికి వెళ్లేదే ఇంత. అందులో క్లాస్-డి రకమైతే 80 శాతం దాకా బయటికి వస్తుంది, పాత ఎబి రకమైతే సగం కంటే కొంచెం ఎక్కువ. అంటే మహా అయితే 330 వాట్ల దాకా. పైన 1500 అని రాసి ఉంటే నవ్వుకుని పక్కన పెట్టండి. శక్తి నిత్యత్వ నియమం కంపెనీలకు కూడా వర్తిస్తుంది!

"1 ఓమ్‌కు కట్టు, దుమ్ము లేస్తది" అనే మాట షాపుల్లో తరచూ వింటాం. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. మన చెవికి 'రెట్టింపు మోత' అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే ఆంప్లిఫయర్‌ను ప్రమాదంలో పెట్టి సంపాదించేది చెవికి కొంచెమే తెలుస్తుంది. ఊఫర్‌కు సరిపడే కొలతల్లో, గాలి లీకు లేకుండా చేసిన చెక్క పెట్టెతో అంతకంటే ఎక్కువ లాభం.

వైరు, ఫ్యూజు

ఆంప్లిఫయర్ కాలితే డబ్బు పోతుంది. వైరు కాలితే కారే పోతుంది, లోపల మనిషి ఉంటే చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ భాగం రెండుసార్లు చదవండి.

500 వాట్లు ఇచ్చే క్లాస్-డి ఆంప్లిఫయర్ 80 శాతం దక్షతతో పనిచేస్తే దానికి లోపలికి 625 వాట్లు కావాలి. 13.8 వోల్టుల దగ్గర అది సుమారు 45 ఆంపియర్లు. బ్యాటరీ ముందు బానెట్ కింద ఉంటుంది, ఆంప్లిఫయర్ వెనక డిక్కీలో. మధ్యలో సుమారు 5 మీటర్ల వైరు. ఇళ్లలో ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశారనుకోండి. రాగి విశిష్ట నిరోధం, పొడవు, మధ్యచ్ఛేద వైశాల్యం పెట్టి లెక్క కడితే దాని నిరోధం 0.034 ఓమ్‌లు. చాలా చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ 45 ఆంపియర్లు పారితే ఒకటిన్నర వోల్టు వైరులోనే పోతుంది. 70 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు వేడిని మ్యాటు కింద దాచినట్టు! 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే నిరోధం 0.0054 ఓమ్‌లు, పోయేది పావు వోల్టు.

బజారులో దొరికే మందపాటి వైరంతా రాగి కాదు. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చాలా ఉన్నాయి. బ్లేడుతో ఒక పోగును గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. అల్యూమినియం విశిష్ట నిరోధం రాగి కంటే సుమారు 1.6 రెట్లు, కాబట్టి అంత మందం ఎక్కువది తీసుకోవాలి. ప్లాస్టిక్ తొడుగు లావు చూసి మోసపోవద్దు.

ఇక ఫ్యూజు. ఆంప్లిఫయర్‌కు ఫ్యూజు ఉంది కదా, మళ్లీ బ్యాటరీ దగ్గర ఇంకోటి ఎందుకని నేను మేస్త్రీని అడిగాను. "దండుగ" అన్నాడు. ఆలోచించండి. వైరు బానెట్ నుంచి లోపలికి వచ్చేటప్పుడు ఇనుప రేకుకు ఉన్న రంధ్రం గుండా వస్తుంది. రబ్బరు వాషరు వేయకపోతే కారు కుదుపులకు ఆ రేకు అంచు వైరు తొడుగును కోస్తుంది. కారు బాడీ అంతా బ్యాటరీ మైనస్‌కు కలిపి ఉంటుంది. రాగి రేకుకు తగలగానే షార్ట్ సర్క్యూట్. స్టార్టర్ మోటారును తిప్పడానికి వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ ఆ వైరులోకి వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. ఆ ప్రవాహం ఎక్కడినుంచి ఎక్కడికి? బ్యాటరీ నుంచి రేకు దాకా. డిక్కీలో ఉన్న ఆంప్లిఫయర్ ఫ్యూజు దాకా అది వెళ్లనే వెళ్లదు. మరి ఆ ఫ్యూజు ఎలా ఆపుతుంది? అందుకే బ్యాటరీ ప్లస్ నుంచి అర మీటరు లోపే, వీలైతే జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఈ ఫ్యూజు ఆంప్లిఫయర్ కోసం కాదు, వైరు కోసం. వైరు తట్టుకునేదానికంటే తక్కువ విలువ ఉండాలి. మన లెక్కలో 45 ఆంపియర్ల పనికి, 16 వైరుకు, 60 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు పోయిందని దాని స్థానంలో రాగి తీగ చుట్టేవాళ్లను చూశాను. దయచేసి మీరు ఆ పని చేయకండి, ఎవరు చెప్పినా.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పేయాలి. అన్నీ బిగించాక చివర్లో అదే తగిలించాలి. ఎర్త్ వైరు ప్లస్ వైరంత మందమే ఉండాలి, పొడవు అర మీటరు మించకుండా బాడీ లోహానికి బోల్టుతో బిగించాలి. రంగు మీద బిగిస్తే పనికిరాదు, గీకి మెరిసే ఇనుము కనబడాలి. సీటు బెల్టు బోల్టులను మాత్రం ముట్టవద్దు. డెక్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్ కేబుల్‌ను కారు ఒక పక్క నుంచి, కరెంటు వైరును ఇంకో పక్క నుంచి తీసుకెళ్లండి. రెండూ కలిపి లాగితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో 'కుయ్' మని ఈల వస్తుంది. డెక్ నుంచి వచ్చే రిమోట్ వైరును కూడా మరవకండి, డెక్ ఆన్ చేస్తేనే ఆంప్లిఫయర్ లేవాలి. అది నేరుగా బ్యాటరీకి కలిపితే తెల్లారేసరికి కారు స్టార్టు కాదు.

గెయిన్ అనే మీట

ఆంప్లిఫయర్ మీద 'గెయిన్' అని చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వాల్యూమ్ అనుకుని అందరూ చివరిదాకా తిప్పుతారు. అది వాల్యూమ్ కాదు. డెక్ ఇచ్చే సిగ్నల్‌కూ ఆంప్లిఫయర్ శక్తికీ పొత్తు కుదిర్చేది. అతిగా తిప్పితే తరంగం పైభాగాలు కోసేసినట్టు చదునవుతాయి. అప్పుడు కాయిల్‌కు సరిపడేదానికంటే ఎక్కువ వేడి పుట్టి, తీగ మీది వార్నిష్ మాడుతుంది.

మీటరుతో సరిచేయడం ఇలా. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం కట్టండి. 4 ఓమ్‌లకు 300 వాట్లయితే 1200కు వర్గమూలం, 34.6 వోల్టులు. ఊఫర్ వైర్లు విప్పేయండి. డెక్‌లో బేస్, ట్రెబుల్ సున్నా దగ్గర ఉంచి, వాల్యూమ్ నాలుగింట మూడు వంతులు పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ ఫైలు నడపండి. అది ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. 50 హెర్ట్జే ఎందుకంటే మన ఇళ్లలో కరెంటు పౌనఃపున్యం అదే, మామూలు మీటర్లు దాన్ని బాగా కొలుస్తాయి. మీటరును ఎ.సి. వోల్టుల మీద పెట్టి ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు ఆనించి, గెయిన్ సున్నా నుంచి మెల్లగా తిప్పుతూ 34.6 దగ్గర ఆపేయండి. గొంతులు ఊఫర్‌లోకి రాకుండా ఫిల్టరును 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే చాలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ల మోతను నియంత్రించే నిబంధనలు దేశంలో 2000 సంవత్సరంలోనే వచ్చాయని కూడా కస్టమర్‌కు ఒక మాట చెప్పండి. వినడు, అయినా చెప్పండి.

ఇప్పుడు ఊఫర్లు తగిలించి, ఇంజను స్టార్టు చేసి, పావుగంట పాట నడపండి. తర్వాత పాట ఆపి బ్యాటరీ దగ్గరి ఫ్యూజు హోల్డరును, వైరును, ఎర్త్ బోల్టును చేత్తో ముట్టి చూడండి. కొంచెం వెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఎక్కడ ఉంటే అక్కడ బోల్టు వదులుగా ఉందనో, రంగు సరిగ్గా గీకలేదనో అర్థం. బ్యాటరీ మైనస్ విప్పి, అది మళ్లీ బిగించాకే కస్టమర్‌కు తాళం చెవి ఇవ్వండి.